మొదటి రేంజ్‌ఫైండర్ కొనేవాళ్ళను లైకా పేరుతో బెదరగొట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత ఫిల్ము కెమెరాల మీద వేసిన వ్యాసం చదివాను. రీలు కెమెరాల కోసం ఒక తెలుగు పత్రిక ఈ రోజుల్లో రెండు పేజీలు కేటాయించడం సంతోషమే. కానీ ఆ పేజీలు మడిచి జేబులో పెట్టుకుని నా దుకాణానికి వస్తున్న కుర్రవాళ్ళకూ అమ్మాయిలకూ జవాబు చెప్పలేక నా పని వెనకబడుతోంది. అందరిదీ ఒకటే ప్రశ్న. "లైకా కొనే స్తోమత లేదు, దాని తరువాత ఏది మంచిది?" మీ వ్యాసకర్త జర్మనీ కెమెరా లైకాను పీఠం మీద కూర్చోబెట్టి మిగతావాటిని దాని కింద వరుసగా పేర్చారు కాబట్టి వాళ్ళు అలాగే అడుగుతారు. చేతిలో పదిహేను వేలు పెట్టుకుని తొలి రేంజ్‌ఫైండర్ (కిటికీలోంచి చూస్తూ దూరం కుదుర్చుకునే రీలు కెమెరా) కొనబోయే మనిషికి ఆ వరుస వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఆ మనిషి చూడవలసింది మోడల్ పేరు కాదు, తన చేతిలో ఉన్న ఆ ఒక్క కెమెరా ప్రస్తుతం ఎలా ఉందన్నదే.

విశాఖపట్నం జగదాంబ కూడలి వెనక సందులో కెమెరాలు బాగుచేసి బతుకుతున్నవాడిని. స్టూడియోల కాలంలో చేతినిండా పని ఉండేది. డిజిటల్ వచ్చాక చాలా ఏళ్ళు గడియారాలతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు మళ్ళీ తాతల బీరువాల్లోంచి తీసిన కెమెరాలు బల్ల మీదికి వస్తున్నాయి. కాబట్టి నాకు పత్రికల మీద పగ ఏమీ లేదు, అవి రాస్తేనే నాకు బేరం.

ముందు వ్యాసంలోని రెండు తప్పులు. ఒలింపస్ ట్రిప్ 35 ఫొటో వేసి కింద "చవకైన రేంజ్‌ఫైండర్" అన్నారు. ట్రిప్ మంచి కెమెరాయే గానీ రేంజ్‌ఫైండర్ కాదు. దూరం మనమే అంచనా వేసుకుని, లెన్సు మీద ఉన్న మనిషి తల, ఇద్దరు మనుషులు, గుంపు, కొండ అనే గుర్తుల్లో ఒకదానికి తిప్పుకోవాలి. మన ఇళ్ళలో తరచుగా కనిపించే యాషికా ఎంఎఫ్-2కు అయితే ఫోకస్ తిప్పే పనే లేదు. అమ్మేవాళ్ళు ఈ రెండింటినీ, పక్కన ఆగ్ఫా క్లిక్ త్రీనీ కలిపి రేంజ్‌ఫైండర్లని ప్రకటిస్తున్నారు. పత్రిక కూడా వాళ్ళకు వంత పాడితే ఎలా? ఇక రెండోది, ఫెడ్‌ను రష్యా కెమెరా అన్నారు. అది పుట్టింది ఖార్కివ్‌లో, అంటే ఉక్రెయిన్‌లో. అనాథ పిల్లల కోసం మకరెంకో అనే ఉపాధ్యాయుడు నడిపిన కమ్యూన్‌లో, ఆ పిల్లల చేతుల మీదుగా, 1934 నుంచి లైకా 2కు నకలుగా తయారైంది. అలాంటిదే అయిన జోర్కి కెమెరా మాత్రం రష్యాదే. మాస్కో పక్కనున్న క్రాస్నొగోర్స్క్ కర్మాగారం 1948లో దాన్ని మొదలుపెట్టింది.

రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో కూడా వ్యాసంలో సరిగ్గా చెప్పలేదు. కెమెరా ముందు భాగంలో ఒకదానికొకటి కొంచెం దూరంగా రెండు కిటికీలు ఉంటాయి. వెనక నుంచి చూస్తే మధ్యలో చిన్న లేత రంగు మచ్చ కనిపిస్తుంది, ఆ మచ్చలో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పితే ఆ ఇద్దరూ దగ్గరికి జరుగుతారు. ఒక్కడైనప్పుడు ఫోకస్ కుదిరినట్టు. లోపల పైకి లేచే అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ, పెట్టె కూడా చిన్నది. అయితే మనం చూసేది లెన్సులోంచి కాదు. మూత తీయడం మరచిపోయినా లోపల అంతా చక్కగానే కనిపిస్తుంది. రీలు మొత్తం మూత మీదే తీసి తెచ్చిన పెద్దమనుషులు నాకు తెలుసు. ఎనభై సెంటీమీటర్లకో మీటరుకో ఇంకా దగ్గరగా పోవడం కూడా కుదరదు. పూలు, పురుగులు, పెళ్ళికూతురి ఉంగరాలు తీయాలనుకునేవాళ్ళు పెంటాక్స్ కె1000 లాంటి ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులోంచే చూసే కెమెరా) కొనుక్కుంటే సుఖపడతారు. ఈ ఉత్తరం వాళ్ళ కోసం కాదు.

లైకా గొప్పది కాదని నేను అనను. 1954 నాటి ఎం3ని విప్పి చూసిన మెకానిక్ ఎవడూ అలా అనడు. కానీ తక్కువ డబ్బుకు దొరికేవి అంతకుముందు వచ్చిన మర లెన్సు లైకాలు. వాటికి వెనక తలుపు ఉండదు. అడుగు మూత తీసి, ఫిల్ము మొదలును కత్తెరతో పొడవుగా కత్తిరించి కింద నుంచి దూర్చాలి. ఫోకస్ చూసే రంధ్రం ఒకటి, ఫ్రేము చూసే రంధ్రం ఇంకొకటి. అలవాటైన చేతికి ఇవేమీ లెక్కలోకి రావు గానీ, తొలిసారి పట్టుకున్నవాళ్ళు రెండో రీలుకే విసుగెత్తి అమ్మేస్తారు. దానికి తోడు నకిలీలు. బంగారు పూత, నాజీ గద్ద ముద్ర, జర్మన్ వైమానిక దళం పేరు చెక్కి ఉంటే చాలు, అది ఫెడ్డో జోర్కియో అని తొంభై పాళ్ళు నమ్మవచ్చు. లెన్సు విప్పి పై అంచున లోపలికి చూడండి. అసలు లైకాలో లెన్సును తాకే చోట చిన్న గుండ్రటి చక్రం ఉంటుంది. ఫెడ్‌లో ఏటవాలుగా అరగదీసిన నాలుక ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఆ నకిలీ కూడా శుభ్రం చేయిస్తే చక్కగా పనిచేస్తుంది. పెట్టిన డబ్బే దండగ.

ఇక సోవియట్ కెమెరాలు. మా ఊళ్ళో ఇవి మిగతా చోట్ల కంటే ఎక్కువ కనిపించడానికి కారణం ఉంది. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో సోవియట్ ఇంజనీర్లు ఇక్కడ ఉండేవారు. నౌకాదళం వాళ్ళు జలాంతర్గాముల శిక్షణకు అక్కడికి వెళ్ళి వచ్చేవారు. ఇప్పుడు బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర కూడా 1969లో రీగాలో మన నౌకాదళంలో చేరినదే. నా బల్ల మీదికి వచ్చే జోర్కిలు చాలావరకు అలాంటి ఇళ్ళవే. ఆ ఇళ్ళవాళ్ళు బేరమాడరు, "నాన్నగారిది, ఎంతైనా సరే బాగుచేయండి" అంటారు.

ఈ జాతిలో తొలి కెమెరాగా నా ఓటు ఫెడ్-2కు. 1955 నుంచి 1970 దాకా వచ్చింది. దీని రెండు కిటికీల మధ్య దూరం 67 మిల్లీమీటర్లు. ఆ దూరం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితంగా కుదురుతుంది. జోర్కి-4కు అది 38 మాత్రమే. ఫెడ్-2లో ఫోకస్, ఫ్రేము ఒకే రంధ్రంలో కనిపిస్తాయి. వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది కాబట్టి రీలు ఎక్కించడం తేలిక. బ్యాటరీ అన్న మాటే లేదు. దీనితో వచ్చే ఇండస్టార్-26 లెన్సును గానీ, తరువాతి ఇండస్టార్-61ను గానీ ఎవరూ చిన్నచూపు చూడనక్కరలేదు. లోపాలూ చెబుతాను. కంటి దగ్గరి లోహపు అంచు కళ్ళజోడు అద్దాన్ని గీరేస్తుంది, పలచటి రబ్బరు ముక్క అంటించుకోవాలి. షట్టరుకు, అంటే వెలుగును క్షణంపాటు లోపలికి వదిలే తెరకు, సెకనులో ఇరవై అయిదో వంతు కంటే నెమ్మది వేగాలు ఉండవు, కాబట్టి ఇంట్లో సాయంత్రం వేళ ఇబ్బందే.

జోర్కి-4కు ఒక సెకను నుంచి వెయ్యో వంతు దాకా అన్ని వేగాలూ ఉన్నాయి. 17 లక్షలకు పైగా తయారు చేశారు కాబట్టి ఇప్పటికీ తేలికగా దొరుకుతుంది. జూపిటర్-8 లెన్సుతో దొరికితే అదృష్టమే. దీనితో ఒక్క నియమం పాటించాలి. ముందు షట్టరు బిగించాలి, ఆ తరువాతే వేగం మార్చాలి. బిగించకుండా చక్రం తిప్పితే లోపలి పళ్ళు దెబ్బతింటాయి. దుకాణంలో చేతికిచ్చిన వెంటనే ఆ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం పోతుంది. అమ్మేవాడు స్వయంగా అలా తిప్పి చూపిస్తే ఇక ఆ కెమెరా సంగతి చెప్పనక్కరలేదు, నమస్కారం పెట్టి బయటికి రండి.

జపాను కెమెరాల దారి వేరు. లెన్సు మార్చడం కుదరదు, షట్టరు లెన్సులోనే ఉంటుంది. మొదటి కెమెరాకు లెన్సు మార్చే అవసరం ఏముంది? ఉన్న ఒక్క లెన్సు ఎఫ్ 1.7, ఎఫ్ 1.8 అంత వెలుగును లోపలికి తీసుకుంటుంది, ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. అందరూ వెంటపడేది కేనన్ వారి కేనొనెట్ క్యూఎల్17 జి3. 1972లో వచ్చింది. చిన్నది, అందమైనది, రీలు క్షణంలో ఎక్కుతుంది. కానీ "పేదవాడి లైకా" అని ఎవరో పేరు పెట్టారు, అప్పటి నుంచి పేదవాడికి అందకుండా పోయింది. అదే డబ్బులో సగానికి మినోల్టా హై-మాటిక్ 7ఎస్ దొరికితే నేను కళ్ళు మూసుకుని అదే తీసుకోమంటాను. 1966 నాటిది, 45 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 రోక్కర్ లెన్సు, బ్యాటరీ లేకపోయినా వేగం, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం సైజు) మన చేత్తో పెట్టుకుని తీయవచ్చు. కాస్త బరువు, కాస్త పెద్దది. ఆ వంకతోనే దీని ధర ఇంకా నేల మీద ఉంది.

యాషికా ఎలక్ట్రో 35 గురించి మీ వ్యాసకర్త తెగ పొగిడారు. లెన్సు విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. కానీ దానిలో షట్టరు వేగాన్ని విద్యుత్ పరికరమే నిర్ణయిస్తుంది, మనం పెట్టుకోవడానికి వీలు లేదు. బ్యాటరీ లేకపోతే ప్రతి బొమ్మా సెకనులో ఐదువందలవ వంతులోనే పడుతుంది. లోపల ఒక చిన్న రబ్బరు దిండు ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది పొడిపొడిగా రాలిపోతుంది, అప్పటి నుంచి వెలుగు లెక్క తప్పుతుంది. కొనేముందు రీలు జరిపే లివరు నెమ్మదిగా చివరిదాకా లాగండి. లోపల "టక్"మని స్పష్టంగా వినిపించాలి. వినిపించకపోతే ఆ దిండు పోయినట్టే, మరమ్మతు ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

బ్యాటరీల సంగతి ఎవరూ రాయరు, అందుకని కొంచెం చెబుతాను. ఈ కాలపు జపాను కెమెరాల్లో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బిళ్ళలు వేసేవారు. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఆగిపోయింది. ఇప్పటి 1.5 వోల్టుల బిళ్ళ వేస్తే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దాన్ని ఎక్కువగా చూపిస్తుంది, ఫొటో నల్లబడుతుంది. వినికిడి యంత్రాల దుకాణంలో 675 నంబరు బిళ్ళలు అడగండి. అవి 1.4 వోల్టులు, దాదాపు సరిపోతాయి. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు వాషరు పెట్టాలి. పైన అంటించిన కాగితం పీకిన తరువాత అవి వాడినా వాడకపోయినా ఒకటి రెండు నెలల్లో చచ్చిపోతాయి. ఎలక్ట్రోకు కావలసినది వేరు. దానికి ఆరు వోల్టుల 4ఎల్ఆర్44 బ్యాటరీ, మిగిలిన ఖాళీలో ఒక స్ప్రింగు పెడితే నడుస్తుంది. అసలు మీటరే చచ్చిన కెమెరా తక్కువకు వస్తోందంటే, చేత్తో అన్నీ పెట్టుకోగలిగేదైతే సందేహించకండి. మన ఎండకు లెక్క చాలా సులభం. అపెర్చర్ ఎఫ్ 16, షట్టరు వేగం ఫిల్ము నంబరుకు దగ్గరగా ఉంటే చాలు. 200 ఫిల్ముకు 1/250. నీడలోకి వస్తే అపెర్చర్‌ను మూడు మెట్లు, అంటే ఎఫ్ 16 నుంచి 11, 8, 5.6కు, తెరుచుకోవాలి. నెగెటివ్ ఫిల్ము కొంచెం ఎక్కువ వెలుగును క్షమిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, చేతిలోకి తీసుకుని చూడడం. ముందు మధ్యలోని మచ్చ. అది కనీకనిపించకుండా ఉంటే ఎంత చవకైనా వదిలేయండి, లోపలి అద్దం పూత పోయిందన్నమాట. మచ్చ బాగుంటే లెన్సును చివరిదాకా, అనంతం గుర్తుకు తిప్పి చాలా దూరంలోని వస్తువును చూడండి. మా ఊళ్ళో అయితే బీచ్ ఒడ్డు నుంచి డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని చూడమంటాను. మీ ఊళ్ళో సెల్ టవరు ఉంటుంది, రాత్రయితే చంద్రుడు ఉన్నాడు. రెండు స్తంభాలూ ఒకటి కావాలి. పక్కకు తేడా ఉంటే మెకానిక్ సరిచేస్తాడు. పైకీ కిందికీ తేడా ఉంటే అదీ సరవుతుంది గానీ కొన్ని కెమెరాల్లో పై కప్పు విప్పవలసి వస్తుంది. ఆ తరువాత టేపు తీసుకుని సరిగ్గా ఒక మీటరు దూరంలో ఏదైనా అక్షరం పెట్టి చూడండి. దూరంలో కుదిరి దగ్గరలో తప్పితే ఎవరో అంతకుముందు లోపల చేయి పెట్టి పాడుచేశారు.

తరువాత వెనక తలుపు తెరిచి, తెల్లగోడకు ఎదురుగా పట్టుకుని, అపెర్చర్ పూర్తిగా తెరిచి, అన్ని వేగాలనూ నొక్కండి. ఫెడ్, జోర్కిలలో గుడ్డ తెర ఉంటుంది. అత్యధిక వేగంలో ఫ్రేమంతా ఒకే వెలుగుతో మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే తెర సరిగ్గా పరుగెత్తడం లేదన్నమాట. లెన్సు విప్పి వెనక నుంచి బల్బు పెట్టి చూస్తే సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. మూత లేకుండా కెమెరాను ఎండలో పెట్టి వదిలేస్తే లెన్సే భూతద్దమై ఆ గుడ్డను కాల్చేస్తుంది. రామకృష్ణా బీచ్‌లో మెడలో వేలాడుతున్న జోర్కిని చూసినప్పుడల్లా పిలిచి చెప్పాలనిపిస్తుంది. జపాను కెమెరాల్లో రేకుల షట్టరు కాబట్టి ఈ భయం లేదు. వాటికి ఉన్న జబ్బు నూనె. రేకుల మీద జిడ్డు మెరుస్తూ ఉంటే అవి అంటుకుపోతాయి, నెమ్మది వేగాల్లో తెరుచుకుని ఆగిపోతాయి. మే నెలలో కారులో పెట్టి వదిలేసిన కెమెరాలు జూన్‌లో నా దగ్గరికి ఇదే జబ్బుతో వస్తాయి.

లెన్సును దీపానికి అడ్డంగా పట్టుకుని చూడండి. సన్నటి గీతలు, దుమ్ము పట్టించుకోనక్కరలేదు. సాలెపోగుల్లా కొమ్మలు వేసినది కనిపిస్తే అది ఫంగస్. కోస్తా ఊళ్ళలో దీని నుంచి తప్పించుకున్న పాత లెన్సు అరుదు. అంచున కొద్దిగా ఉంటే శుభ్రం చేయించవచ్చు. మధ్యలో అద్దాన్ని తినేసి ఉంటే మచ్చ పోదు. కొన్న తరువాత చేయవలసిన మొదటి పని, ఎంత ముచ్చటగా ఉన్నా ఆ తోలు సంచీని కెమెరా నుంచి విడదీయడం. తేమను పట్టి ఉంచి ఫంగస్‌ను పెంచేది అదే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి, పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టండి.

ఇంటర్నెట్లో విదేశాల నుంచి తెప్పించుకోవచ్చునని వ్యాసంలో రాశారు. తెప్పించుకోవచ్చు. పైన చెప్పిన పరీక్షల్లో ఒక్కటి కూడా చేయడానికి వీలుండదు, వచ్చాక కస్టమ్స్ సుంకం కట్టాలి, బాగోలేకపోతే వెనక్కి పంపడానికి మళ్ళీ అంత ఖర్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగితే పది పనికిరానివాటి మధ్య ఒక మంచిది దొరకవచ్చు. కనీసం చేత్తో పట్టుకుని చూస్తారు. అంతకంటే ముందు మీ బంధువుల ఇళ్ళలో అడగండి.

పదిహేను వేలు ఉన్నాయనుకుందాం. కెమెరాకు ఏడున్నర వేలు దాటకండి. రెండున్నర వేలు శుభ్రం చేయించడానికి పక్కన పెట్టండి. "అంతా బాగుంది, నిన్ననే సర్వీసు చేయించాను" అని ఎవరు చెప్పినా పెట్టండి. మిగిలిన ఐదు వేలు ఫిల్ముకూ కడిగించడానికీ. ఈ మూడో పద్దు ఎవరూ వేసుకోరు. ఉన్నదంతా కెమెరాకు పోసి, ఒక్క రీలు తీసి, రెండో రీలుకు డబ్బు లేక అద్దాల బీరువాలో పెట్టేవాళ్ళే ఎక్కువ. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' నలుపు తెలుపు రీళ్ళు దొరికే కాలం కాదు ఇది, ప్రతి రీలూ దిగుమతే. చవక కావాలంటే నలుగురు స్నేహితులు కలిసి వంద అడుగుల నలుపు తెలుపు ఫిల్ము డబ్బా కొనుక్కోండి. ముప్పయ్యారు బొమ్మల రీళ్ళు పద్దెనిమిది దాకా వస్తాయి. ఇంట్లోనే కడుక్కోవడం నేర్చుకుంటే ఇంకా మిగులుతుంది. సినిమా ఫిల్ము ముక్కలు చుట్టి అమ్మే రీళ్ళతో మాత్రం జాగ్రత్త. వెనక నల్ల పూత ఉన్నదైతే మామూలు ల్యాబులో ఇవ్వకండి, వాళ్ళ మందు పాడవుతుంది, తరువాత వచ్చినవాళ్ళ పెళ్ళి ఫొటోలు కూడా పాడవుతాయి.

ఈ ఉత్తరం వేస్తే పాఠకులకు ఒక మనవి కూడా వేయండి. ఇంట్లో పాత కెమెరా బయటపడి లివరు బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, కిరోసిను, ఏదీ పోయకండి. ఉన్నది ఉన్నట్టుగా గుడ్డలో చుట్టి దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళండి. నా దగ్గరికే వచ్చేవాళ్ళకు, మంగళవారం దుకాణం తెరవను.

ఇట్లు,
ఒక కెమెరా మెకానిక్,
విశాఖపట్నం.